గువ్వలచెరువు ఘాట్‌లో మా అమ్మ చెయ్యి

దయ్యాల మాట ఎత్తితే మా అమ్మ పడీపడీ నవ్వేది. కర్నూలు సర్కారు ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా ఆయాగా పనిచేసిన మనిషి. శవాల గది ముందు నుంచే రోజూ నీళ్ళ బకెట్లు మోసుకుపోయేది. ఎవరైనా వచ్చి ఫలానా చోట ఏదో కనపడిందని చెబితే, "నేను సూడంది నీకు యాడ కనపడిందే?" అని ఎగతాళి చేసేది.

ఆమె పెంచిన దాన్ని కాబట్టి నాకూ అలాంటి నమ్మకాలు అంటలేదు. చర్చికి పోతాను, ప్రార్థన చేసుకుంటాను. అంతకు మించి కంటికి కనపడనివాటి జోలికి పోయే మనిషిని కాను. నేను బస్సు కండక్టర్ని. ఘాట్ రోడ్ల మీద తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి బస్సు ఆపిందని చెప్పే డ్రైవర్లను చాలామందిని చూశాను. టీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా విని, లేచి పోయి బస్సెక్కేదాన్ని.

అందుకే ఇది రాయాలా వద్దా అని చాలాకాలం ఆలోచించాను. ఇందులో తెల్లచీర లేదు, చీకటి లేదు. పట్టపగలు, నిండు బస్సులో జరిగింది.

ముందు అమ్మ గురించి చెప్పాలి.

అమ్మ పేరు కరుణమ్మ. నందికొట్కూరు దగ్గర పల్లెలో కూలి చేసుకునే కుటుంబం. మా నాన్న పోయేనాటికి నేను ఇంకా బడికి పోవడం లేదు. నన్ను చంకన వేసుకుని కర్నూలుకు వచ్చి, చర్చిలో తెలిసినవాళ్ళ మాటసాయంతో ఆసుపత్రిలో ఊడ్చే పనికి కుదిరింది. తర్వాత కాన్పుల వార్డులో వేశారు. రిటైరయ్యేదాకా ఆ వార్డు వదల్లేదు. ఒకసారి వేరే వార్డుకు మారుస్తామంటే పోట్లాడి మరీ అక్కడే ఉండిపోయింది.

కాన్పులు చేసేది డాక్టర్లు, నర్సులు. అమ్మ పని వాళ్ళకు చేతికింద అందివ్వడం, రక్తం గుడ్డలు తీయడం, నేల కడగడం, పుట్టిన బిడ్డను తుడిచి తల్లికి చూపించడం. నొప్పులు పడే ఆడవాళ్ళ పక్కన నిలబడటం కూడా. ఇది ఎవరూ ఆమెకు అప్పగించిన పని కాదు. తనే పెట్టుకుంది.

ఆమెతో బజారుకు పోతే ఇంటికి చేరడం కష్టం. కూరగాయల దగ్గరో చెప్పుల అంగట్లోనో ఎవరో ఒకామె ఆగిపోయేది. ఎదిగిన కొడుకునో కూతుర్నో ముందుకు తోసి, "అమ్మా, వీడు నీ ముందర పుట్టినోడే. నేను గుర్తుండానా?" అని అడిగేది. అమ్మ ఆమెను ఎగాదిగా చూసి, "నీ మొగం గుర్తుల్యా గానీ నీ అరుపు గుర్తుండాది. శానా అరిసినావు గదే ఆ పొద్దు!" అనేది. ఇద్దరూ రోడ్డు మీదే నవ్వుకునేవాళ్ళు. నేను సంచి పట్టుకుని ఎండలో నిలబడేదాన్ని.

అయితే ఇంట్లో ఆసుపత్రి మాట ఎత్తేది కాదు. పని నుంచి రాగానే బయట తొట్టి దగ్గర మోచేతుల దాకా చేతులు కడుక్కుని, ఆ తర్వాతే నన్ను తాకేది. ఎవరికి ఏం పుట్టింది, ఎవరు ఎట్లా కష్టపడ్డారు అని ఎప్పుడన్నా అడిగితే, "వాళ్ళ మానం వాళ్ళది. ఇంటికాడ సెప్పుకునే మాటలు గాదు" అని నోరు మూయించేది. కాన్పు ఎట్లా చేస్తారో ఆమె నాకు ఒక్కనాడూ చెప్పలేదు. ఈ సంగతి ఎందుకు నొక్కి చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

నన్ను నర్సు చదివించాలని ఆమెకు ఉండేది. కానీ నాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఉల్లిగడ్డలు తరుగుతూ వేలు తెగినా గోడకు చేరగిలపడతాను. ఒకసారి నా వాలకం చూసి అమ్మ నవ్వి, "సరేలే తల్లీ, నీకు ఆ పని గాదు" అని ఆ ఆశ అంతటితో వదిలేసింది. నేను కండక్టరు ఉద్యోగంలో చేరిన రోజు వార్డంతా మిఠాయి పంచింది.

పోయిన ఏడాది, క్రిస్మస్ అయిన కొత్తలో, అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి వైపంతా పడిపోయింది. మాట పోయింది. ఏదైనా చెప్పాలంటే గొంతులోంచి ఒక మూలుగు వచ్చేది, అంతే. చేతికి కసరత్తు చేయించడానికి కొన్నాళ్ళు ఒకాయన వచ్చాడు. వేళ్ళు కూడా కదల్లేదు. ఇక ఆ చేతి మీద ఆశ పెట్టుకోవద్దని డాక్టరు మెల్లగా చెప్పారు.

మేము ఉండేది కల్లూరులో. మా ఆయన ప్రసాదు అక్కడే బండల పాలిష్ యూనిట్‌లో పనిచేస్తాడు. నేను డ్యూటీకి పోయినప్పుడు ఎదురింటి ఖాజాబీ అమ్మను చూసుకునేది. ఖాజాబీ ఇద్దరు బిడ్డలూ అమ్మ పనిచేసిన వార్డులోనే పుట్టారు. ఏమన్నా ఇస్తానంటే, "కరుణమ్మకు జేసేదానికి నాకు దుడ్లిస్తావా?" అని కోప్పడేది.

ఇక ఆ రోజు సంగతి.

ఒంటిమిట్టలో రాములవారి కల్యాణం రోజులు. చాలా బస్సులను అటు తిప్పారు. మనుషులు చాలక నన్ను ఎప్పుడూ పోని రూటులో వేశారు. కర్నూలు నుంచి కడప మీదుగా రాయచోటికి. డ్రైవరు సుబ్బరాయుడన్న. నాకంటే చాలా పెద్దవాడు, నెమ్మదస్థుడు.

కడపలో ఒక పెద్దాయన కూతురితో ఎక్కాడు. ఆ అమ్మాయి నిండు గర్భిణి. అత్తగారి ఊరి నుంచి రాయచోటికి, కాన్పుకు పుట్టింటికి తీసుకుపోతున్నాడు. నేత పని చేసేవాళ్ళు. ఆయన పేరు గంగులప్ప, అమ్మాయి పేరు లక్ష్మీదేవి. వెనక పొడుగు సీటు ఖాళీ చేయించి, కాళ్ళు చాపుకోమని అక్కడ కూర్చోబెట్టాను.

మధ్యాహ్నం గువ్వలచెరువు ఘాట్ సగం ఎక్కాక బస్సు ఆగింది. ముందు మలుపులో సిమెంటు లారీ అడ్డం తిరిగింది. మా ముందూ వెనకా బండ్లు నిలిచిపోయాయి. రెండు వైపులా ఎండిపోయిన కొండ, రాళ్ళు. ఫోన్లో సిగ్నల్ లేదు. బస్సు రేకు ఎండకు కాలిపోతోంది.

కాసేపటికి గంగులప్ప సీట్లు పట్టుకుంటూ ముందుకు వచ్చాడు.

"కండక్టరమ్మా, నా బిడ్డకు నొప్పులొచ్చినాయి. ఎట్ల జేసేదమ్మా?"

"నెలలు నిండినాయా?"

"ఇంకా పదైదు దినాలుండాదని సెప్పినారమ్మా డాక్టరమ్మ."

నేను వెనక్కి పోయేసరికి సీటు తడిసిపోయి ఉంది. ఉమ్మనీరు పోయింది. ఆ అమ్మాయి వెనక బస్సు రేకుకు ఆనుకుని, కిటికీ కడ్డీ పట్టుకుని వణుకుతోంది.

సుబ్బరాయుడన్న ఒక మోటారుసైకిలు కుర్రాణ్ణి ఆపి, కిందికి పోయి సిగ్నల్ దొరికిన చోట 108కు చెప్పమని పంపాడు. వచ్చి నాతో, "ముందర లారీ కదల్దు. యెనక్కి పోయేదానికి దారి ల్యా. సుగుణమ్మా, నువ్వే ఏమన్నా జూడాల" అన్నాడు.

మగవాళ్ళందరినీ దించాము. ఆడవాళ్ళు కొందరు దుప్పట్లు, చీరలు తీసి కిటికీలకు అడ్డం పట్టారు. నాకంటే పెద్దామె ఒకరు ఉంటే ఆశగా ఆమె వంక చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "నలుగుర్ని కన్యా గానీ ఒకరికి కాన్పు జేసిందాన్ని గాదు తల్లీ. నాకూ బయమైతాండాది" అంది.

లక్ష్మీదేవి నా చీర కొంగు పట్టుకుంది. "అక్కా, నన్ను ఇడ్సిపెట్టి పోవద్దక్కా" అంది. నిజం చెప్పాలంటే నాకు దిగి పారిపోవాలని ఉంది. అప్పటికే రక్తం కనపడుతోంది. నాకు కళ్ళు తిరగడం మొదలైంది కూడా.

ఎవరో సీసాతో నీళ్ళు పోస్తే చేతులు కడుక్కున్నాను. జరిగింది అప్పుడే. చేతులు తుడుచుకున్నాను. ఎడమ చెయ్యి మామూలుగానే ఉంది. కుడి చెయ్యి మాత్రం చల్లగానే ఉండిపోయింది, కుండలో ముంచి అప్పుడే తీసినట్టు. ఆ ఎండలో, ఆ ఉక్కలో, మోచేతి దాకా చల్లన. పైగా బరువు. నాది కాని బరువు. కళ్ళు తిరగడం ఆగిపోయింది.

నాకు ఏ గొంతూ వినపడలేదు. ఎవరూ కనపడలేదు. ఆ తర్వాత ఏం చేయాలో నేను ఆలోచించలేదు, అంతే చెప్పగలను. చెయ్యి చేస్తూ పోయింది. నేను దాన్ని చూస్తూ ఉన్నాను.

తల కనపడింది. లక్ష్మీదేవి పళ్ళు బిగించి గట్టిగా ముక్కబోయింది. నా నోటి నుంచి మాట వచ్చింది. "ముక్కొద్దు బంగారూ, ముక్కొద్దు. నోరు తెరిసి ఊపిరి వదులు. ఇప్పుడొద్దు."

నేను ఎవర్నీ బంగారూ అని పిలవను. ఆ మాట అంతకు ముందు ఎప్పుడూ నా నోట రాలేదు.

తల బయటికి వచ్చాక నా వేళ్ళు బిడ్డ మెడ దగ్గరికి పోయాయి. అక్కడ బొడ్డుపేగు చుట్టుకుని ఉంది. నాకు భయం పుట్టి దాన్ని లాగేయాలనిపించింది. చెయ్యి లాగలేదు. వేలు కిందికి పోనిచ్చి, కొంచెం వదులు చేసి, బిడ్డ తల మీదుగా మెల్లగా ఎత్తి తప్పించింది. ఆ తర్వాత, "ఇప్పుడు ముక్కు" అన్నాను. బిడ్డ జారి నా చేతుల్లోకి వచ్చింది.

ఆడపిల్ల. నీలంగా ఉంది. ఏడవలేదు. కింద గంగులప్ప దేవుళ్ళను పిలుస్తున్నాడు. చెయ్యి బిడ్డను బోర్లా తిప్పి, గుడ్డతో వీపు రుద్దింది. రుద్దింది. పాదాల మీద వేళ్ళతో కొట్టింది. మళ్ళీ రుద్దింది. ఎంతసేపో నాకు తెలియదు. నాకు మాత్రం చాలాసేపు అనిపించింది.

బిడ్డ ఒక్కసారి వెక్కినట్టు చేసి, ఏడ్చింది.

బస్సు బయట మగవాళ్ళు చప్పట్లు కొట్టారు. పెద్దామె ఏడుస్తూ నా తల నిమిరింది. బిడ్డను తల్లి పొట్ట మీద వేసి కప్పాను. పేగు కోయలేదు, మాయ కోసం లాగలేదు. పెద్దామె కత్తెర ఇవ్వబోతే వద్దని నెట్టేశాను. ఎందుకు వద్దన్నానో నాకు తెలియదు.

కాసేపటికి లారీని పక్కకు లాగారు. 108 బండి అవతలి వైపు నుంచి వచ్చి ఇద్దరినీ ఎక్కించుకుంది. మేము బస్సుతో వెనకే రాయచోటికి పోయాము. ఆసుపత్రిలో డాక్టరమ్మ బిడ్డను చూసి, తల్లిని చూసి, "కాన్పు జేసింది ఎవరు? నువ్వు నర్సువా?" అని అడిగింది. కండక్టర్నని చెప్పాను. నా యూనిఫాం, రక్తం మరకలు చూసి, "శానా బాగా జేసినావమ్మా, ఇద్దరూ బాగుండారు" అంది.

డిపోకు పోయి కుళాయి కింద చేతులు పెట్టాను. కుడి చెయ్యి వెచ్చబడింది. నీళ్ళలో రక్తం కారుతుంటే చూసి, అక్కడే కళ్ళు తిరిగి పడిపోయాను.

లేచాక ఫోన్ చూస్తే మా ఆయన నుంచి వరుసగా కాల్స్ వచ్చి ఉన్నాయి. అమ్మకు ఏమైనా అయిందేమోనని భయపడుతూ చేశాను. నేను హలో అనకముందే, "సుగుణా, మీయమ్మ మాట్లాడింది" అన్నాడు.

నేను బస్సు సంగతి ఇంకా ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

మధ్యాహ్నం ఖాజాబీ రాగిజావ తాపించడానికి వచ్చిందట. అమ్మ మంచం మీద కళ్ళు తెరిచి, కుడి చెయ్యి గాల్లోకి ఎత్తి ఉందట. పడిపోయిన చెయ్యి. ఖాజాబీ గిన్నె కింద పెట్టి, పాలిష్ యూనిట్‌కు ఫోన్ చేసింది. అది నాలుగడుగుల దూరం కాబట్టి మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. విన్నది ఖాజాబీయే మా ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుని నాకు చెప్పింది.

"యా అల్లా, ఏం జెప్పేది బేటీ! మాట ముత్యం మాదిరి వచ్చింది. ముక్కొద్దు బంగారూ అంటాండాది. అదే మాట, నా ఇద్దరి కాన్పులప్పుడు అన్న మాటే. నీ పేరు బెట్టి పిల్సింది. సుగుణా, లాగొద్దు, ఎత్తు, తల మీద నుంచి ఎత్తు అనింది. ఏందెత్తాల కరుణమ్మా అని అడిగితే నా పక్క సూడనే ల్యా."

మా ఆయన వచ్చేసరికి అమ్మ దుప్పటిని అరచేత్తో గట్టిగా రుద్దుతోందట. నుదుటి నిండా చెమట. పిలిస్తే పలకలేదు. అలా రుద్దీ రుద్దీ ఆగి, ఏదో విన్నట్టు తల పక్కకు వంచి, "ఏడ్సింది" అని నవ్విందట. చెయ్యి మంచం మీదికి వాలిపోయింది. నిద్రపోయింది.

నేను డిపో గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. ఆ తర్వాత మా ఆయనకు జరిగింది చెప్పాను. ఆయన అంతా విని, "రా, ఇంటికి రా" అన్నాడు.

పొద్దున్నే బస్సుకు కల్లూరు చేరాను. అమ్మ మేలుకునే ఉంది. కుడి చెయ్యి ఎప్పటిలాగే పక్కన పడి ఉంది. వేళ్ళు తెరిచి చూశాను, వదిలితే ముడుచుకుపోయాయి. మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. లారీ, ఎండ, ఆ పిల్ల, పేగు, అన్నీ. అమ్మ నా మొహం వంకే చూసింది. ఆమెకు అర్థమైందని నేను ప్రమాణం చేసి చెప్పలేను. పాప బాగుందని చెప్పినప్పుడు మాత్రం కళ్ళు మూసుకుని, పెద్ద ఊపిరి వదిలింది.

ఆ తర్వాత ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ చెయ్యి మళ్ళీ కదల్లేదు. మెదడు దెబ్బతిన్నవాళ్ళకు అరుదుగా అలా ఒక్కసారి మాట, కదలిక వచ్చి పోతుంటాయని డాక్టరు చెప్పారు. కావచ్చు. అదే మధ్యాహ్నం, అవే మాటలు ఎందుకు వచ్చాయని అడిగితే మందుల చీటీ రాసి చేతికిచ్చారు.

మా ఆయన ఒక సమాధానం చెప్పుకున్నాడు. చిన్నప్పుడు అమ్మతో ఆసుపత్రికి పోయి ఉంటావు, ఎక్కడో విని ఉంటావు, అది లోపల ఉండిపోయి ఉంటుందని. నేనూ అదే అనుకోవడానికి చూశాను. కానీ అమ్మ నన్ను ఆ వార్డు గడప ఎక్కనిచ్చేది కాదు. పోనీ మాటలు నేను విన్నవే అనుకున్నా, నా పేరు పెట్టి అమ్మ ఎవరికి చెప్పినట్టు?

వానలు పడ్డాక అమ్మ పోయింది. ఉదయం పూట, ఖాజాబీ తల దువ్వుతుండగా, ప్రశాంతంగా.

సమాధి కార్యక్రమానికి వచ్చినవాళ్ళను చూసి పాస్టరుగారు ఆశ్చర్యపోయారు. మేము చెప్పింది కొద్దిమందికే. చర్చి నిండిపోయి వానలో గొడుగులతో నిలబడ్డారు. ఎక్కువ మంది ఆడవాళ్ళే. బొట్టు పెట్టుకున్నవాళ్ళు, బురఖా వేసుకున్నవాళ్ళు, మా చర్చివాళ్ళు. కొందరు తమ బిడ్డలను తెచ్చారు, కొందరు ఆ బిడ్డల బిడ్డలను కూడా. నేను ఫోన్ చేసి చెబితే లక్ష్మీదేవి కూడా రాయచోటి నుంచి తండ్రితో, పాపతో వచ్చింది. పాపకు వాళ్ళ ఇంటి దేవత పేరు పెట్టుకున్నారు. బొద్దుగా, పెద్ద కళ్ళతో ఉంది.

సమాధి దగ్గర ఆడవాళ్ళు అమ్మ గురించే మాట్లాడుకుంటున్నారు. ఒకామె అంది, "నొప్పులప్పుడు నడుం మీద అరసెయ్యి పెట్టి అట్లనే నిలబడేది. సగం నొప్పి ఆ సేతిలోకి పోయినట్లుండేది." ఇంకొకామె, "అవును, సల్లని సెయ్యి" అంది. పక్కనున్నవాళ్ళందరూ తలలు ఊపారు. ఈ సంగతి నాకు ఆ రోజు దాకా తెలియదు.

లక్ష్మీదేవి పాపను చంక మార్చుకుని నన్ను పక్కకు పిలిచింది. ఆమె మొహం చూసి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

"అక్కా, నిన్నొకటి అడగాలనుకుంటాండా అప్పుటి నుంచి. ఆ పొద్దు నీ సేతులు రెండూ బిడ్డకాడే ఉండాయి గదా?"

"ఉండాయి."

"మరి నా యెనక కూసోని, నడుం మీద సెయ్యి పెట్టింది ఎవురక్కా? మొదలు కాణ్ణించి పాప ఏడ్సేదాకా తియ్యల్యా. ఎవురో ముసలామె పెట్టుకోనుండాదిలే అనుకున్యా. మా నాయన్ని అడిగితే నీ యెనక బస్సు రేకే గదా ఉన్నింది, మనిషి యాడ పడుతుంది అన్నాడు."

ఆ బస్సు నాకు తెలుసు. ఆమె నడుముకూ రేకుకూ మధ్య ఒక సంచి పట్టేంత చోటు కూడా లేదు. పాపను అందుకుని ఎత్తుకున్నాను. వాన పడుతూనే ఉంది.

ఇప్పుడు కూడా నన్ను అడిగితే దయ్యాలున్నాయని చెప్పను. ఆ రోజు అమ్మ బతికే ఉంది, కల్లూరులో మంచం మీద, ఇద్దరి కళ్ళ ముందు. దాన్ని ఏమంటారో నాకు తెలియదు. పాస్టరుగారు ఒక మాట చెప్పారు, ఖాజాబీ ఇంకొకటి చెప్పింది, గంగులప్ప మరొకటి. ముగ్గురూ చెప్పింది విన్నాను. దేన్నీ కాదనలేదు, అవుననలేదు.

మొన్న డిపోలో సిబ్బందికి ప్రథమ చికిత్స నేర్పడానికి ఒక నర్సమ్మ వచ్చింది. బస్సులో కాన్పు వస్తే ఏం చేయాలో రబ్బరు బొమ్మతో చూపించింది. చూపించాక నన్నే ముందుకు పిలిచి చేయమంది. నేను ఆ బొమ్మను సరిగా పట్టుకోలేకపోయాను. మెడకు చుట్టిన పేగును ఎటు తిప్పాలో తెలియక పట్టి లాగాను. "లాగకూడదమ్మా, బిడ్డ పోతుంది" అని ఆమె నా వేళ్ళు విడిపించింది. ఇంకోసారి చేయించింది. మళ్ళీ తప్పే చేశాను.

ఆమె నవ్వి, అందరి వైపు తిరిగి, "సరే, ఈడ ఎవరన్నా నిజంగా కాన్పు జేసినోళ్ళు ఉండారా? ఉంటే సెయ్యెత్తండి" అంది.

వెనక బెంచీలో కూర్చున్న సుబ్బరాయుడన్న ముందుకు వంగి, "ఎత్తు సుగుణమ్మా" అని గొణిగాడు. డిపోలో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. అందరూ నా వైపు తిరిగారు.

నేను చెయ్యి ఎత్తలేదు.